నీలం గోలీసోడా సీసా, 'బెల్జియం' గ్లాసులు: కొనొచ్చా?

బజారువీధి_మనవడు (తిరుపతి):

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు, ఇప్పుడు ఉండేది తిరుపతి భవానీ నగర్‌లో. మా తాతకు చిత్తూరు బజారు వీధిలో గోలీసోడా అంగడి ఉండేది. మా నాయన చిన్నప్పుడు బడి నుంచి రాగానే సీసాలు కడిగి పెట్టెల్లో సర్దేవాడట. ఆ అంగడి సామాను ఇప్పుడు మా దగ్గర ఒక్కటీ లేదు. వచ్చే నెల నాయనకు డెబ్బై నిండుతాయి. ఆ రోజు ఆయన చేతిలో ఒక పాత సీసా పెట్టాలని నా కోరిక.

ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర ముదురు నీలం సీసా కనిపించింది. "1880, లండన్, ఒరిజినల్ కాడ్ బాటిల్" అని రాసి 6,800 రూపాయలు పెట్టాడు. సీసా మీద అక్షరాలేమీ లేవు. అడుగున మాత్రం బాగా గీతలున్నాయి, అవి చూస్తే పాతదే అనిపిస్తోంది. అతని దగ్గరే నారింజ రంగు మెరుపున్న గాజు గ్లాసులు రెండున్నాయి. "బెల్జియం, 120 ఏళ్లు, కార్వేటినగరం జమీందారు బంగళాలోవి" అంటున్నాడు. రెండూ కలిపి 9,500. ఒక ఆకుపచ్చ గిన్నె మీద యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్ వేసి వీడియో కూడా పంపాడు. అది యురేనియం గ్లాస్, అంటే యురేనియం కలిపిన గాజు, వెలుగుతోంది కాబట్టి నూరేళ్లు గ్యారంటీ అట. తనే సర్టిఫికెట్ ఇస్తాడట, కానీ యాంటిక్ కాబట్టి రిటర్న్ లేదట. రెండు రోజుల్లో చెప్పకపోతే బెంగళూరు పార్టీకి ఇచ్చేస్తానన్నాడు. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

గాజు_బీరువా (తిరుపతి):

బాబూ, ముందు ఆ రెండు రోజుల గడువును పక్కన పెట్టు. బెంగళూరు పార్టీ ఉంటే ఉండనీ. నేను కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. పాత గాజు సామాను దాచుకోవడం నాకు ఉద్యోగం రాకముందు నుంచే ఉన్న ఇష్టం. తెలిసినంత చెబుతాను.

హైరమ్ కాడ్ అనే ఇంగ్లండ్ ఇంజినీరు గోలీ సీసాకు పేటెంట్ తీసుకున్నది 1870ల మొదట్లో. లోపలి గ్యాస్ గోలీని పైకి నెడితే, మూతి లోపలున్న రబ్బరు వాషర్‌కు అతుక్కుని అదే మూతగా పనిచేస్తుంది. అప్పటి సీసాలు ఎక్కువగా లేత నీలిపచ్చ రంగువి, అంటే ఇసుకలోని ఇనుము వల్ల గాజుకు దానంతటదే వచ్చే రంగు. మొత్తం ముదురు నీలం గాజుతో చేసినవి చాలా అరుదు. అందుకే అసలైనవి ఇంగ్లండ్ వేలాల్లో వేల పౌండ్లు పలుకుతాయి. అలాంటిది 6,800కు ఇస్తున్నాడంటే ఆ ధరే నీకు సమాధానం చెబుతోంది. ఈ సీసాలు మన దేశంలో ఇప్పటికీ తయారవుతున్నాయి. రంగు గాజువి అలంకరణకు అమ్ముతారు. అలంకరణ సీసా అని చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు. 1880 అని రాయడమే మోసం.

అక్షరాలు లేకపోవడం కూడా చూడాలి. ఆ కాలపు సీసాల మీద సోడా కంపెనీ పేరో, ఊరి పేరో, తయారీదారు పేరో ఉబ్బెత్తుగా ఉండటం మామూలు. ఇంగ్లండ్‌లోని బార్న్స్‌లీలో డాన్ రైలాండ్స్ చేసిన సీసాల మీద ఆ పేరు ఉంటుంది.

ఇక గీతలు. సోడా సీసా అంగడి నుంచి ఇంటికి, ఇంటి నుంచి అంగడికి ఏళ్ల తరబడి తిరిగేది. అడుగున నేలకు ఆనే అంచు మీద, పెట్టెలో పక్క సీసాలకు తగిలే పొట్ట మీద అరుగుదల ఉండాలి. ఆ గీతలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, దేని దిక్కు దానిదిగా ఉంటాయి. కొత్త సీసాను పాతది చేయాలనుకున్నవాళ్లు ఉప్పు కాగితంతో రుద్దుతారు. అప్పుడు గీతలన్నీ ఒకే వైపుకు పోతాయి, నేలకు ఎప్పుడూ తగలని మధ్య గుంతలో కూడా పడతాయి. అడుగు భాగం పగటి వెలుతురులో, పక్క నుంచి తీసిన ఫోటో అడుగు. గాజులో బుడగలు ఉన్నాయి కాబట్టి పాతదే అంటే మాత్రం నమ్మకు. చేత్తో పోసిన కొత్త గాజులోనూ బుడగలు వస్తాయి.

యురేనియం గాజు వెలగడం నిజమే. ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియాలో 1830ల నుంచి చేస్తున్నారు. కానీ అమెరికాలో ఈ మధ్య కాలంలోనూ చేశారు, అదీ అంతే పచ్చగా వెలుగుతుంది. పైగా మాంగనీసు కలిపిన పాత గాజు కూడా యూవీ కింద మసకగా పచ్చరంగు చూపిస్తుంది. టార్చ్ చెప్పేది గాజులో ఏం కలిసిందన్నదే. వయసు టార్చ్‌కు తెలియదు.

గ్లాసుల అడుగున ఏమైనా రాసి ఉందా? ఆ ఫోటో పెట్టు.

బజారువీధి_మనవడు:

చాలా థాంక్స్ మేడమ్. సీసా ఫోటోను గూగుల్‌లో ఇమేజ్ సెర్చ్ చేశాను. ఇంటి అలంకరణ సామాను అమ్మే వేరే చోట సరిగ్గా అదే సీసా నీలం, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో డజన్ల లెక్కన ఉంది. గ్లాసుల అడుగు ఫోటో అడిగితే చాలాసేపటికి పంపాడు. ఇంగ్లిష్ అక్షరాల్లో 'జైన్' అని ఉంది. అది బెల్జియం నుంచి దిగుమతి చేసుకున్న వ్యాపారి పేరు అంటున్నాడు.

గాజు_బీరువా:

ఇది చదివి ఊరుకోలేకపోతున్నాను. జైన్ అన్నది దిగుమతి వ్యాపారి పేరు కాదు. ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్‌లో జైన్ గ్లాస్ వర్క్స్ అని ఫ్యాక్టరీ ఉండేది. అచ్చులో నొక్కిన గాజు వేడిగా ఉండగానే దాని మీద లోహ లవణాలు చల్లితే నూనె తెట్టులాంటి మెరుపు వస్తుంది. దాన్నే కార్నివాల్ గ్లాస్ అంటారు. అమెరికాలో ఫెంటన్ కంపెనీ ఇది మొదలుపెట్టింది 1907లో. మన దేశంలో చేసింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. 120 ఏళ్లు అంటే ఫెంటన్ మొదలుపెట్టక ముందే మన జమీందారు ఆ గ్లాసులో నీళ్లు తాగి ఉండాలి.

ఈ ఫిరోజాబాద్ గ్లాసులను ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల్లో వెతికి మరీ కొనేవాళ్లు ఉన్నారు. చెయ్యి ఆకారంలో ఉండే జైన్ పూలకుండీలు, చేప కుండీలు అక్కడి సేకర్తలకు బాగా తెలుసు. మన దగ్గర మాత్రం పాత అద్దమైతే బెల్జియం, వేలాడే దీపమైతే బెల్జియం, చివరికి మంచినీళ్ల గ్లాసు కూడా బెల్జియం! బెల్జియంలో 1826లోనే వాల్ సాన్ లాంబేర్ లాంటి గొప్ప గాజు ఫ్యాక్టరీ మొదలైంది, కాదనను. కానీ కొలిమి ముందు నిలబడి చెమటోడ్చిన ఫిరోజాబాద్ పనివాళ్ల పేరు చెరిపేసి వేరే దేశం పేరు అతికించడం నాకు బాధగా ఉంటుంది. కొన్నవాడి డబ్బే కాదు, ఆ వస్తువు చరిత్ర కూడా పోతుంది. ఆ గ్లాసులు అసలైనవే అయితే మంచి వస్తువులు. ఫిరోజాబాద్ గ్లాసులుగా, ఆ లెక్కన ధర చెప్పమను.

పాకాల_రైలు:

సంబంధం లేని ప్రశ్న, క్షమించండి. మా అల్లుడు 'గాలే' అని సంతకం ఉన్న పూలకుండీ ఆన్‌లైన్‌లో తెప్పించాడు. సంతకం ఉంది కదా, నమ్మొచ్చా?

గాజు_బీరువా:

సంతకం ఒక్కటే చూసి నమ్మకండి సార్. ఫ్రాన్స్ గాజు కళాకారుడు ఎమిల్ గాలే 1904లో చనిపోయాడు, ఆ తర్వాత కూడా ఆయన ఫ్యాక్టరీ చాలా ఏళ్లు నడిచింది. ఈ కాలంలో రొమేనియాలో అదే పద్ధతిలో కుండీలు చేసి, గాలే పేరు పక్కన 'టిప్' అని వేస్తారు. గాలే తరహా అని నిజాయితీగా చెప్పడమే అది. మధ్యలో ఎవరో ఆ మూడు ఇంగ్లిష్ అక్షరాలను అరగదీసి గాలే అని అమ్ముతారు. సంతకం పక్కన వేలితో తడిమి చూడండి. నునుపు తేడాగానో, చిన్న గుంతగానో తగిలితే అనుమానించాలి.

చిత్తూరు_వకీలు:

చట్టం వైపు నుంచి రెండు మాటలు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన కళా వస్తువుల వ్యాపారం చేయాలంటే లైసెన్స్ ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపకూడదు. 120 ఏళ్లు అని రాసినవాడిని లైసెన్స్ నంబర్ అడగండి. తను అమ్మే వస్తువుకు తనే రాసుకున్న సర్టిఫికెట్‌ను నిపుణుడి మాటగా లెక్కపెట్టకండి.

"యాంటిక్, రిటర్న్ లేదు" అన్నది కూడా చెల్లదు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. వెబ్‌సైట్ ఫిర్యాదు అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అక్కడ పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు, మీరు ఉండే జిల్లాలోనే. కాకపోతే వెబ్‌సైట్ వదిలేసి వాట్సాప్‌లో మాట్లాడుకుని నేరుగా ఫోన్‌పే చేస్తే, ఆ వెబ్‌సైట్‌ను బాధ్యత అడగడం చాలా కష్టం. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది అలా చేసినవాళ్లే. ప్రకటనను ఈరోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, గొడవ మొదలవగానే ప్రకటన మారిపోతుంది. పార్సిల్ విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి.

పుత్తూరు_సోడా:

అన్నా, మా మామ పుత్తూరులో సోడా మిషన్ నడిపేవాడు. మూసేసి చాలా ఏళ్లయింది. పాత గోలీ సీసాలు రెండు గోనెసంచుల్లో అటక మీద ఉన్నాయి. లండన్‌వి కావు, ఇక్కడివే, లేత పచ్చ రంగువి. కొన్నింటి మీద ఊళ్ల పేర్లున్నాయి. చిత్తూరు పేరున్నది ఒకటి చూసినట్టు గుర్తు. డబ్బులేమీ వద్దు, వచ్చి తీసుకుపో.

బజారువీధి_మనవడు:

అన్నా, ఏం చెప్పాలో తెలియడం లేదు. ఆదివారం వస్తాను, నంబర్ మెసేజ్‌లో పంపు. నీలం సీసా వద్దని చెప్పేశాను. గ్లాసులను ఫిరోజాబాద్‌వి అని ప్రకటనలో మార్చితే ధర మాట్లాడతానన్నాను, అతను నన్ను బ్లాక్ చేశాడు. మేడమ్, అటక మీది సీసాలు బాగా మురికి పట్టి ఉంటాయి కదా, ఎలా కడగాలి?

గాజు_బీరువా:

బాత్రూమ్ యాసిడ్ జోలికి పోవద్దు, ఇనుప పీచు అసలే వద్దు. గోరువెచ్చని నీళ్లలో కొంచెం సబ్బు వేసి ఒక రాత్రంతా నానబెట్టు. మరీ వేడి నీళ్లు పోస్తే పాత గాజు చిట్లుతుంది. లోపల గోలీ కింద మట్టి గట్టిపడి ఉంటుంది, ఊపి విడిపించాలని చూడకు, నానితే దానంతటదే వదులుతుంది. మూతిలో రబ్బరు వాషర్ మిగిలి ఉంటే లాగకుండా అలాగే ఉంచు. చిత్తూరు పేరున్న సీసా దొరికితే ఆ అక్షరాల ఫోటో ఇక్కడ పెట్టు.