మంచి రైడర్ దురుసుతనాన్ని ఎంతవరకు సహించాలి?

అందరికీ నమస్కారం. ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో కుర్రాళ్లకు కబడ్డీ నేర్పిస్తున్నాను. మొన్న సంక్రాంతి పోటీల్లో మా ముఖ్య రైడర్, బోనస్ పాయింటు ఇవ్వలేదన్న కోపంతో గుప్పెడు మట్టి తీసి అంపైర్ కాళ్ల మీదికి విసిరి, పసుపు కార్డుతో రెండు నిమిషాలు బయట కూర్చున్నాడు. తిరిగి వచ్చి మ్యాచ్‌ను అతడే గెలిపించాడు. "ఆట ఉన్నవాడికి ఆ మాత్రం పొగరు ఉంటుంది, వదిలేయండి మాస్టారూ" అని ఊరి పెద్దలు అంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు, ఎందుకంటే మర్నాడే చిన్నపిల్లలు ఆటలో అలాగే మట్టి విసురుకోవడం కళ్లారా చూశాను. 2023లో ఢాకాలో వికెట్లను బ్యాటుతో కొట్టినందుకు భారత కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కౌర్‌నే ఐసీసీ రెండు మ్యాచ్‌లు పక్కన పెట్టింది. అయితే ఇతడిది పేద ఇల్లు, జిల్లా ఎంపికలు దగ్గరపడ్డాయి. జట్లను నడిపిన అనుభవం ఉన్నవారు ఇలాంటి ఆటగాడిని ఎలా దారికి తెచ్చారో, ఎన్ని మ్యాచ్‌లు ఆపడం న్యాయమో దయచేసి చెప్పగలరా?