ఇంట్లోనే నార్వేజియన్ నేర్చుకోవడం: మధ్యలో ఆగిపోకుండా ఎలా కొనసాగించాలి?

ప్రశ్న (తిరుపతి నుంచి)

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. మా అక్క కుటుంబం నార్వేలోని ట్రోండ్‌హైమ్ నగరంలో స్థిరపడింది. అక్క పిల్లలు తమలో తాము నార్వేజియన్‌లోనే మాట్లాడుకుంటారు. పిన్నితో మాట్లాడవలసి వచ్చేసరికి తెలుగు తడుముకుని, చివరకు ఆంగ్లంలోకి వెళ్ళిపోతారు. వాళ్ళ భాషలో వాళ్ళతో మాట్లాడాలన్నది నా మొదటి కోరిక. ముందు ముందు అక్కడ ఉద్యోగానికి ప్రయత్నించాలన్న ఆలోచన కూడా ఉంది. కొన్ని నెలలుగా డ్యువోలింగో అనే యాప్‌లో పాఠాలు చేస్తున్నాను. అందులో సమాధానాలు సరిగానే వస్తున్నాయి కానీ, పిల్లలు మాట్లాడుకుంటూ ఉంటే ఒక్క ముక్క కూడా అర్థం కావడం లేదు. సొంతంగా వాక్యం రాయబోతే పదాల వరుస తప్పుతోంది. మొదట్లో ఉన్న ఉత్సాహం తగ్గిపోయింది. ఇక్కడ ఈ భాష నేర్పేవారు నాకు ఎవరూ తెలియదు. ఇకపై ఎలా సాగాలో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరా?

సమాధానం (చిత్తూరు నుంచి)

అమ్మా, పిల్లల మాట అర్థం కాకపోవడం మీ శ్రద్ధలోని లోపం కాదు. దాని కారణం తెలిస్తే మీ నిరుత్సాహంలో సగం పోతుందని నా నమ్మకం, కనుక ముందు అదే చెబుతాను.

నార్వేజియన్‌కు రాతలో రెండు ప్రమాణ రూపాలు ఉన్నాయి. దేశం శతాబ్దాల పాటు డెన్మార్క్‌తో కలిసి ఉన్నందువల్ల అక్కడ స్థిరపడిన డానిష్ రాతను క్రమంగా నార్వే ఉచ్చారణకు దగ్గర చేయగా ఏర్పడినది బూక్మోల్. ఐవార్ ఆసెన్ అనే పండితుడు పల్లెలు తిరిగి మాండలికాలను సేకరించి, 1848లో వ్యాకరణాన్ని, 1850లో నిఘంటువును వెలువరించగా ఆ పునాది మీద నిలిచినది న్యూనొష్క్. 1885లో అక్కడి పార్లమెంటు రెండింటికీ సమాన హోదా ఇచ్చింది. ఎక్కువ మంది రాసేది బూక్మోల్, మీ యాప్ నేర్పుతున్నదీ అదే. కొత్తవారు రెండింటి మధ్య ఊగిసలాడవలసిన పని లేదు.

అయితే ఇవి రెండూ రాతకు సంబంధించిన ప్రమాణాలు మాత్రమే. మాటకు అధికారిక ప్రమాణమంటూ ఏదీ లేదు. బడిలోనైనా, పార్లమెంటులోనైనా, టెలివిజన్‌లోనైనా ఎవరి ఊరి యాసలో వారు మాట్లాడతారు, దానిని ఎవరూ తక్కువగా చూడరు. మీ యాప్‌లో ‘నేను’ అనడానికి ‘యై’ అని నేర్చుకుని ఉంటారు. ట్రోండ్‌హైమ్‌లో ఆ మాట ‘బ్యాగు’ అన్నప్పుడు మనం పలికే అచ్చు ఒక్కటిగా మిగులుతుంది. బెర్గెన్‌లో ‘ఏగ్’ అవుతుంది. ‘ఏమిటి’ అనే అర్థంలో మీరు నేర్చుకున్న ‘వా’, ఆ రెండు ఊళ్ళలోనూ ‘కా’గా వినిపిస్తుంది. అంటే పిల్లల నోటి నుంచి వస్తున్నది మీకు తెలిసిన మాటే, రూపం మారి వస్తున్నది. రోజూ వాడే సర్వనామాలను, ప్రశ్నార్థకాలను, కాదు, లేదు వంటి మాటలను ఒక కాగితం మీద రాసి, వాటిని వాళ్ళ యాసలో చదివి వాయిస్ మెసేజ్‌గా పంపమని పిల్లలను అడగండి. ఈ చిన్న మాటలే ప్రతి వాక్యంలోనూ వస్తాయి కాబట్టి, వీటిని చెవి పట్టుకుంటే వెనుక ఉన్న పెద్ద మాటలు తమంతట తామే బయటపడతాయి.

ఇక ఉత్సాహం సంగతి. ఎంత కాలం పడుతుందో తెలియకుండా మొదలుపెట్టడం వల్లనే చాలామంది మానేస్తారు. అమెరికా దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ, ఆంగ్లం మాతృభాషగా గలవారికి నార్వేజియన్ పనికొచ్చే స్థాయిలో రావడానికి సుమారు 24 వారాలు, అంటే దాదాపు 600 తరగతి గంటలు పడుతుందని లెక్క వేసింది. అది ఉపాధ్యాయుల దగ్గర పూర్తికాలం కూర్చుని చదివేవారి లెక్క. ఆ 600 గంటలనే రోజుకు అరగంట చొప్పున పంచితే మూడేళ్ళు దాటుతుంది. రోజుకు గంట చొప్పున అయితే ఏడాదిన్నర పైమాటే. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. కొన్ని నెలల్లో పిల్లల సంభాషణ అందుకోలేకపోవడం సహజమేనని, మీరు వెనుకబడలేదని చెప్పడానికే ఈ లెక్క.

మన చిత్తూరు వైపు చాలామందికి తమిళం ఎప్పుడు వచ్చిందో కూడా గుర్తుండదు. బడిలో స్నేహితులు, బజారులో బేరాలు, ఇరుగుపొరుగు మాటలు, ఇవన్నీ పగలంతా చెవిన పడుతూనే ఉంటాయి. ఆ అనుభవంతో భాష దానంతట అదే వస్తుందని అనుకుంటాము. నార్వేజియన్ తిరుపతి వీధుల్లో వినబడదు కాబట్టి, ఆ వినికిడిని రోజూ మనమే కల్పించుకోవాలి. క్లార్ తాలె అనే వార్తాపత్రిక సులభమైన భాషలో వార్తలు ఇస్తుంది, వాటిని చదివి వినిపిస్తుంది కూడా. ట్రోండ్‌హైమ్‌లోని ఎన్‌టీఎన్‌యూ విశ్వవిద్యాలయం కొత్తవారి కోసం ఉచిత పాఠ్యక్రమాన్ని ఇంటర్నెట్‌లో ఉంచింది. మీకు దానినే మొదటి ఆధారంగా తీసుకోమని సలహా ఇస్తాను, ఎందుకంటే అందులో సంభాషణ, వ్యాకరణ వివరణ, అభ్యాసం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. యాప్‌ను పదాల పునశ్చరణకు ఉంచుకోండి. అది చూపే వరుస రోజుల సంఖ్యను మాత్రం ప్రగతిగా లెక్కించకండి. నెలకు ఒకసారి అదే విషయం మీద, ఉదాహరణకు మీ డ్యూటీ గురించి, ఒక నిమిషం మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేసి దాచుకోండి. పాత రికార్డు పక్కన కొత్తది పెట్టి వింటే, ఎంత ముందుకు వచ్చారో మీ గొంతే మీకు చెబుతుంది.

పదాల వరుసకు ఒక్క సూత్రం గట్టిగా పట్టుకోండి: సాధారణ వాక్యంలో క్రియ ఎప్పుడూ రెండో స్థానంలో ఉంటుంది. ‘యై లేసెర్’ అంటే నేను చదువుతాను. దానికి ముందు ‘ఈరోజు’ చేర్చితే ‘ఈ దాగ్ లేసెర్ యై’ అవుతుంది. ‘ఈరోజు’ మొదటి స్థానం తీసుకున్నందువల్ల ‘నేను’ క్రియ వెనక్కి జరిగింది. మనం క్రియను చివర ఉంచే అలవాటుతోనో, ఆంగ్లం వరుసతోనో రాసి ఇక్కడే తప్పుతాము. వ్యతిరేకార్థంలో ‘ఇక్కె’ క్రియ తర్వాత వస్తుంది: ‘యై లేసెర్ ఇక్కె’. కానీ ‘నేను చదవనని’ అన్నట్లు ఉపవాక్యంగా మారితే అది క్రియకు ముందుకు వస్తుంది: ‘అత్ యై ఇక్కె లేసెర్’. ఈ రెండింటినీ రోజుకు కొన్ని వాక్యాలలో మార్చి మార్చి రాయండి. మిగిలిన వ్యాకరణం తేలికైనదే. క్రియ మనిషిని బట్టి మారదు, నేనైనా నీవైనా మనమైనా అదే ‘లేసెర్’.

ప్రశ్న అడిగిన సోదరి

ఎంతో వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు, సార్. యాస సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఉచ్చారణ గురించి కూడా ఒక మాట చెప్పగలరా? నేను పలికితే పిల్లలు నవ్వుతున్నారు, దానితో నోరు తెరవడానికే వెనుకాడుతున్నాను.

సమాధానం (తిరుపతి నుంచి)

అమ్మా, నేను ఇక్కడ సంస్కృతం బోధిస్తాను. నార్వేజియన్‌ను కొంతకాలంగా ఆసక్తితో చదువుతున్నాను. ఉచ్చారణలో తెలుగువారికి ఉన్న సదుపాయం ఐరోపావారిలో కూడా చాలామందికి లేదని ధైర్యంగా చెప్పగలను.

ట్రోండ్‌హైమ్‌లోను, ఓస్లోలోను రకారం తర్వాత తకారమో నకారమో వస్తే రెండూ కలిసిపోయి నాలుక మడిచి పలికే మూర్ధన్యాలు అవుతాయి. బిడ్డ అనే మాటను రకార నకారాలతో రాస్తారు, పలికేది మాత్రం ‘బాణ్’. ‘వేగంగా’ అనే మాట ‘ఫుట్’. ‘సంతోషంగా, తప్పకుండా’ అనే అర్థంలో వాడే మాట ‘యేణె’. భాష పేరునే రాతలో ‘నొర్స్క్’ అన్నట్లు ఉంచి ‘నొష్క్’ అని పలుకుతారు. ట, డ, ణ, ళ, ష ఐదూ మన నోట పుట్టుకతో ఉన్నాయి, ఆంగ్లం మాతృభాషగా గలవారు వీటి కోసం నాలుక మడవడం కొత్తగా నేర్చుకోవాలి. అయితే బెర్గెన్, స్టావాంగెర్ వైపు రకారం గొంతు నుంచి వస్తుంది కాబట్టి అక్కడ ఈ కలయిక ఉండదు. మీ అక్కగారిది ట్రోండ్‌హైమ్ కావడం మీకు కలిసివచ్చింది.

అదే విధంగా శకార షకారాల భేదం అక్కడ అర్థాన్ని మారుస్తుంది. మన రోజువారీ మాటలో రెండూ ఒకటైపోతున్నాయి గాని, తిరుమల ధర్మగిరి వేదపాఠశాల విద్యార్థులు పలికినంత స్పష్టంగా వాటిని వేరుచేసి పలికితే నార్వేజియన్‌లోని ఆ రెండు ధ్వనులకూ చాలా దగ్గరికి వెళ్ళినట్లే. హ్రస్వదీర్ఘాలు కూడా జాగ్రత్త: ‘తాక్’ అంటే ఇంటికప్పు, ‘తక్క్’ అంటే ధన్యవాదం. దీర్ఘం తర్వాత హల్లు తేలిక, హ్రస్వం తర్వాత హల్లు ఒత్తు. ఈ లయ మనకు కొత్తది కాదు.

నిజంగా కొత్తవి అచ్చులు. వారి అక్షరమాలలో ఆంగ్లానికి ఉన్న 26 అక్షరాల తర్వాత మూడు అచ్చులు అదనంగా చేరి మొత్తం 29 అవుతాయి. వాటిలో అడ్డగీత ఉన్న సున్నలాంటి అక్షరాన్ని పలకడానికి ‘ఏ’ అంటూ నాలుకను కదపకుండా పెదవులను మాత్రం గుండ్రంగా చేయండి. ‘ఈ’ అంటూ అలాగే పెదవులు ముడిస్తే మరో కొత్త అచ్చు వస్తుంది. అద్దం ముందు నిలబడి చేస్తే త్వరగా పట్టుబడుతుంది. స్వరం ఎత్తు తగ్గుల మీద అర్థం మారే మాటలూ కొన్ని ఉన్నాయి, వాటి గురించి మొదటి ఏడాది ఆలోచించనవసరం లేదు.

అభ్యాసానికి వేదం నేర్పే పద్ధతినే సూచిస్తాను. గురువు ఒకసారి చెప్పగా శిష్యుడు రెండుసార్లు చెప్పే ‘సంత’ పద్ధతిలో, క్లార్ తాలె నుంచి ఒక చిన్న వార్త తీసుకుని ఒక్కొక్క వాక్యాన్ని ఆపి, చూడకుండా రెండేసి సార్లు పైకి చెప్పండి. అర్థం ఆ తర్వాత చూసుకోవచ్చు. పిల్లలు నవ్వితే ఆ మాటను వాళ్ళ చేతనే మళ్ళీ చెప్పించుకోండి. పిన్నికి నేర్పడం వాళ్ళకూ సరదాగా ఉంటుంది.

ప్రశ్న అడిగిన సోదరి

ఇద్దరికీ నమస్కారాలు. చివరిగా ఒక్క సందేహం. నాకు నైట్ డ్యూటీలు పడే వారాల్లో అంతా తారుమారు అవుతుంది. అప్పుడు ఏం చేయాలి? ఉద్యోగానికి ఏ స్థాయి అవసరమవుతుంది?

సమాధానం (చిత్తూరు నుంచి)

అమ్మా, నైట్ డ్యూటీ వారాల్లో కొత్త పాఠం ముట్టుకోవద్దు. డ్యూటీకి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు పాత వార్తనే మళ్ళీ వినండి, అంతే చాలు. వినడం పూర్తిగా ఆపకుండా ఉంటే పగటి డ్యూటీ వారంలో పాఠం ఎక్కడ వదిలారో అక్కడి నుంచే అందుకోగలుగుతారు. రెండు రకాల వారాలకూ ఒకే నియమం పెట్టుకుంటే అది తప్పిన రోజునే మనసు విరిగిపోతుంది.

ఐరోపా ఆర్థిక మండలి బయటి దేశాలలో చదివిన నర్సులకు అక్కడ గుర్తింపు రావాలంటే బీ2 స్థాయి భాష చూపించాలి. ఐరోపాలో భాషా స్థాయిని కొలిచే ఆరు మెట్లలో అది నాలుగోది. ప్రస్తుతం మీ చూపు రెండో మెట్టయిన ఏ2 మీద ఉంచండి. పిల్లలతో తిండి గురించి, బడి గురించి, వాతావరణం గురించి మాట్లాడుకోవడానికి అది సరిపోతుంది. ఆసుపత్రి మాటలు మాత్రం ఇప్పటి నుంచే ఒక పుస్తకంలో రాసుకుంటూ రండి. సందేహం వస్తే బెర్గెన్ విశ్వవిద్యాలయం, నార్వే భాషా మండలి కలిసి నడిపే నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ప్రతి నామవాచకానికీ రూపాలన్నీ ఇచ్చి ఉంటారు: ఒక కారు ‘ఎన్ బీల్’, ఆ కారు ‘బీలెన్’, కార్లు ‘బీలెర్’, ఆ కార్లు ‘బీలెనె’. నాలుగింటినీ కలిపే రాసుకోండి, విడివిడిగా వద్దు.

మరొక విషయం. నార్వేవారు ఆంగ్లం చక్కగా మాట్లాడతారు కాబట్టి మీరు కొంచెం తడబడగానే మర్యాద కోసం ఆంగ్లానికి మారిపోతారు. మీ అక్క పిల్లలు చేస్తున్నదీ అదే. మాట మొదలుపెట్టగానే ‘కన్ వీ స్నక్కె నొష్క్?’ అని అడగండి. నార్వేజియన్‌లో మాట్లాడుకుందామా అని దాని అర్థం. వారానికి ఒక రోజు, పావుగంట, పిల్లలతో ఈ ఒప్పందం చేసుకోండి. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా మనం వారి కంటే మూడున్నర గంటలు ముందుంటాము, మిగిలిన నెలల్లో నాలుగున్నర గంటలు. వాళ్ళు సాయంత్రం అయిదింటికి ఇంట్లో ఉంటే మనకు వేసవిలో రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర అవుతుంది. మీ డ్యూటీ పట్టిక చూసుకుని ఆ వేళను అక్కగారితో ఇప్పుడే ఖాయం చేసుకోండి.