మిగ్-21 మోడల్‌కి ఇంత మసి పూయాలా?

గంటస్తంభం_48 (విజయనగరం)
నాలుగు నెలలు కూర్చుని చేసిన మిగ్-21 బిస్ యుద్ధ విమానం మోడల్ మొన్న పూర్తయింది. 1/48 స్కేలు, అంటే అసలు దానిలో 48వ వంతు, ముక్కు నుంచి తోక దాకా సుమారు 30 సెంటీమీటర్లు. ముందు గ్రే ప్రైమర్, దాని మీద ప్యానెల్ లైన్ల (రేకుల మధ్య సందుల్ని చూపించే గీతలు) వెంట నలుపు, ఆపైన ఎయిర్‌బ్రష్‌తో పల్చగా బూడిద రంగు. తర్వాత మెరిసే గ్లాసీ కోటు, డికాల్స్ (అంటించే గుర్తులు), ఆయిల్ రంగులో టర్పెంటైన్ కలిపి పల్చటి వాష్, ఆఖర్న మెరుపు తగ్గించే మ్యాట్ కోటు. ముక్కు కొసన, రెక్కల ముందు అంచుల మీద స్పాంజి ముక్కతో వెండి రంగు అద్ది పెయింటు ఊడినట్టు చూపించాను. ఫోటోలు ఆరు పెట్టాను.

పోయిన ఆదివారం మా ఊళ్ళో ఒక స్కూలు హాల్లో ఎగ్జిబిషన్ జరిగితే పట్టుకెళ్ళాను. జడ్జిగారు ఒక్క క్షణం చూసి "పాత ఇనుప సామాన్ల కొట్లోంచి తెచ్చావేటి?" అన్నారు. తోమిన గిన్నెలా మెరిసిపోతున్న ఇంకో మోడల్‌కి ఫస్ట్ ప్రైజ్ ఇచ్చారు.

వెదరింగ్ (వాడి అరిగి, మురికి పట్టినట్టు చూపించడం) నిజంగా ఎక్కువైందా? మొహమాటం లేకుండా చెప్పండి, తట్టుకుంటాను.

పాలకొండ_రోడ్
సూపర్ బ్రో. నాదో చిన్న డౌటు. మ్యాట్ కోటు కొడితే అక్కడక్కడా తెల్లగా పొగలా వచ్చింది. ఏం చెయ్యాలి?

బొబ్బిలి_కుంచె
నాకు నచ్చింది తమ్ముడూ. మట్టి రంగు వాష్ చాలా బాగా దిగింది. అయితే ఎడమ రెక్క మీద చిప్పింగ్ (పెయింటు ఊడిన గుర్తులు) కుడి రెక్కకి అద్దంలో చూసినట్టు ఉంది. అరుగుదల అలా లెక్కగా రాదు. అదొక్కటే.

ఫిట్టర్_అరసవల్లి
మొహమాటం వద్దన్నావు కాబట్టి చెప్తున్నా బాబూ. నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం బాడీ పనులు చూసే మెకానిక్‌గా చేశాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎక్కువ భాగం ఈ విమానం మీదే గడిచింది. దీన్ని మేం టైప్ 75 అనేవాళ్ళం. నీ మూడో ఫోటో చూడు. ముక్కు కోను మీద పెయింటు ఊడి లోపల వెండి కనబడుతోంది. ఆ కోను లోపల రాడార్ ఉంటుంది. కోను లోహంతో చేస్తే రాడార్ పని చెయ్యదు. అందుకని అది లోహం కాదు. పెయింటు ఊడినా వెండి రాదు. తోక పైన కొస కూడా అంతే.

ఇక ఆ గీతలు. ఫోటోలో పక్కన స్కేలు పెట్టావు కాబట్టి కొలిచాను. ప్యానెల్ లైను అర మిల్లీమీటరు ఉంది. 48తో గుణిస్తే 24 మిల్లీమీటర్లు. ఆ సందులో నా బొటనవేలు దూరుతుంది. అలాంటి సందున్న విమానం హ్యాంగర్ గేటు కూడా దాటదు.

గంటస్తంభం_48
థాంక్సండీ. ముక్కు కోను సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటాను. కానీ గీతల విషయంలో లెక్క అలా కట్టకూడదు. నిజమైన సందు ఒక మిల్లీమీటరు అనుకుందాం. 48తో భాగిస్తే 0.02 మిల్లీమీటరు. వెంట్రుక కంటే సన్నం. అది కంటికి కనబడదు. అప్పుడు మోడల్ మీద గీతే ఉండకూడదా?

ఫిట్టర్_అరసవల్లి
కనబడనిది కనబడక్కర్లేదు.

బొబ్బిలి_కుంచె
ఫిట్టర్‌గారూ, నేను డ్రాయింగ్ టీచర్‌ని. విమానాల సంగతి మీకు తెలిసినంత నాకు తెలీదు, చూపు సంగతి కొంచెం తెలుసు. 1/48 మోడల్‌ని అడుగు దూరం నుంచి చూస్తే, అసలు విమానాన్ని 48 అడుగుల దూరం నుంచి చూసినట్టు. అంత దూరంలో రంగు కొంచెం వెలిసినట్టు కనిపిస్తుంది. అందుకే డబ్బాలో ఉన్న రంగుని ఉన్నట్టుగా కొట్టకుండా ఒక చుక్క తెలుపు కలుపుతారు. విమానాన్ని చిన్నది చేశాం గానీ దాని మీద పడే వెలుగుని చిన్నది చెయ్యలేం. 15 మీటర్ల విమానం మీద రెక్క కింద పడే నీడ బొమ్మ మీద అంత ముదురుగా కనబడదు. ఆ నీడని మనమే దిద్దాలి.

తూర్పు భాగవతంలో సత్యభామ వేషానికి కనుబొమలు అంత ముదురుగా ఎందుకు దిద్దుతారు? వెనక కూర్చున్నవాడికి కనబడాలని. దగ్గరికెళ్ళి చూసి "ఇంత కాటుకేంటి" అంటే ఎలా?

ఫిట్టర్_అరసవల్లి
కాటుక సరేనమ్మా. సత్యభామ మూతికి మసి పూయరు కదా.

ఏడురోడ్లు
😂😂

కళింగపట్నం_లైట్‌హౌస్
మసి సంగతికొస్తే, నేవీ విమానాలకి ఎంత పూసినా తప్పు లేదు. ఉప్పు గాలి తిని తిని అలాగే ఉంటాయి. విశాఖ బీచ్ రోడ్డులో నేవీ నిఘా విమానం టీయూ-142 చూళ్ళేదా?

ఫిట్టర్_అరసవల్లి
ఉప్పు గాలి ఉంది కాబట్టే వాళ్ళు మాకన్నా ఎక్కువ కడుగుతారు, మంచినీళ్ళతో. ఉప్పు వదిలేస్తే అల్యూమినియం తినేస్తుంది. బీచ్ రోడ్డులో ఉన్న టీయూ-142 నేవీలో 29 ఏళ్ళు ఎగిరి 2017లో రిటైరైంది. ఇప్పుడది మ్యూజియం. రిటైరై ఎండలో కూర్చున్నదాన్ని చూసి డ్యూటీలోనూ ఇలాగే ఉండేదనుకుంటే ఎలా?

గంటస్తంభం_48
మిగ్‌లు ఉండేది ఎక్కడండీ? ఉత్తర్‌లాయ్, నాల్, అంతా రాజస్థాన్ ఎడారి. ఇసుక తుఫాన్లు. అక్కడ దుమ్ము పట్టకుండా ఉంటుందా? మీరు చెప్పేది చూస్తే విమానాన్ని దేవుడి గదిలో పెట్టి పూజ చేసినట్టుంది.

ఫిట్టర్_అరసవల్లి
దుమ్ము పడుతుంది. ఎడారి దుమ్ము లేత గోధుమ రంగులో ఉంటుంది. నువ్వు పూసింది నలుపు. లారీ సైలెన్సర్ దగ్గర ఉండేది. మా దగ్గర నలుపు రెండే చోట్ల. పొట్ట కింద గన్ను మూతి దగ్గర, తోకలో మంట వచ్చే చోట. తోకలో కూడా వట్టి నలుపు కాదు, కాలిన లోహానికి నీలం, గోధుమ చారలు వస్తాయి. నువ్వు ఆ రెండు చోట్లా శుభ్రంగా వదిలేసి, పైలట్ కూర్చునే చోట వెనకాల పూశావు. అక్కడ మసి ఎవడు పోశాడు?

గంటస్తంభం_48
నా దగ్గర ఫోటో ఉంది. చూసే చేశాను. సొంతంగా కల్పించలేదు.

పాలకొండ_రోడ్
అన్నలూ, ఆ తెల్ల పొగ గురించి ఎవరైనా...

ఏడురోడ్లు
పాలకొండ తమ్ముడూ, అది రంగు తప్పు కాదు, మన గాలి తప్పు. తిత్లీ తుఫానప్పుడు, 2018లో, నా కిట్ల పెట్టె మొత్తం తడిసి డికాల్ షీట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పదకొండు కిట్లు. వాటిలో ఒక్కటి కూడా మొదలుపెట్టలేదు. ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. ఇంతకీ వెదరింగ్ గురించి నా అభిప్రాయం: డబ్బులు పోసి కొన్న మోడల్, ఎవరిష్టం వాళ్ళది.

ఫిట్టర్_అరసవల్లి
ఎవరిష్టం వాళ్ళదైతే ఎయిర్‌ఫోర్స్ గుర్తు వెయ్యొద్దు. ఉత్త విమానం అని పెట్టుకోమనండి. గంటస్తంభం, ఆ ఫోటో పెట్టు, చూద్దాం.

గంటస్తంభం_48
పెట్టాను. చూడండి, పెయింటు ఎలా పొలుసులు లేచిందో.

ఫిట్టర్_అరసవల్లి
బాబూ, చక్రాలు చూశావా? టైర్లలో గాలి లేదు, కింద సిమెంటు దిమ్మలు. ఇంజను నోటికి రేకు మూత బిగించారు. ఇది గేటు దగ్గర నిలబెట్టిన విమానం. ఎప్పుడో ఎగరడం మానేసింది. ఆ మీద ఉన్నది విమానం పెయింటు కూడా కాదు, గేటుకి వేసే ఎనామెల్, బ్రష్షుతో వేశారు. బ్రష్షు గీతలు కనబడుతున్నాయి.

ఏడురోడ్లు
అబ్బా. టైర్లు నేనూ చూళ్ళేదు.

గంటస్తంభం_48
సరే, గేటు దగ్గరదే. అయితే ఏంటండీ? నా వయసు 24. నేను చూసిన మిగ్ అదొక్కటే. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు చేసింది టీవీలో చూశాను, అంతే. నేను చూసింది నేను చేశాను. మీరు విమానాలు తుడిచి ఉండొచ్చు, మోడల్ చెయ్యడం వేరే పని. శుభ్రంగా మెరిసే బొమ్మే కావాలంటే పైడితల్లి తీర్థంలో వంద రూపాయలకి దొరుకుతుంది. ఆ జడ్జిగారు, మీరు ఒకటే. చెమటోడ్చి చేసినదానికి విలువ లేదు.

ఫిట్టర్_అరసవల్లి
తుడిచి ఉండొచ్చు?

బొబ్బిలి_కుంచె
తమ్ముడూ, ఆ మాట వెనక్కి తీసుకో. ఫిట్టర్‌గారూ, కుర్రాడు ప్రైజు రాలేదన్న బాధలో ఉన్నాడు, మీరూ మరీ...

ఫిట్టర్_అరసవల్లి
తీసుకోనక్కర్లేదమ్మా. రాత్రంతా ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను.

ఆ సెప్టెంబరు వీడ్కోలు అయిన వారానికి మా చుట్టాల పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర ఒకాయన, నాకన్నా చిన్నవాడే, "మొత్తానికి ఎగిరే శవపేటికని ఇంటికి పంపేశారు, అయినా మీరేగా రిపేర్లు చేసింది" అని నవ్వాడు. ప్రమాదాల వల్ల మిగ్-21కి పడ్డ పేరది. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. విస్తరి ముందు నుంచి లేవలేక కూర్చున్నాను.

నా సర్వీసులో ఒకరోజు పొద్దున్న వెళ్ళిన విమానం తిరిగి రాలేదు. పైలట్ బతికాడు, దేవుడి దయ. విమానం బయలుదేరే ముందు మేం సంతకం చేసే పుస్తకం ఒకటి ఉంటుంది. ఎవరు ఏ నట్టు బిగించారో, ఎవరు చూశారో అన్నీ అందులోనే. ఆ పుస్తకాన్ని సీలు వేసి పట్టుకెళ్ళారు. అందులో నా సంతకం ఉంది. ఇంజన్లో పక్షి పడిందని తేలేదాకా నాకు నిద్ర లేదు. రోజూ అదే ఆలోచన, ఆ మూత సరిగ్గా బిగించానా లేదా, ఆ పైపు తుడిచినప్పుడు తడి చూశానా లేదా.

తుడవడం అంటే ఏంటో నీకు తెలీదు. తుడిస్తేనే కొత్త మరక కనబడుతుంది. నిన్న లేని మరక ఇవాళ ఉందంటే లోపల ఏదో కారుతోందని. మురికి విమానంలో అది దొరకదు. అందుకే ఒళ్ళంతా మసి పూసిన మిగ్ కనబడితే, వీళ్ళెవరో పట్టించుకోలేదు అని రాసిపెట్టినట్టు ఉంటుంది నాకు. నీ తప్పు కాదు. నువ్వు బాగానే చేశావు. చెయ్యి మంచిది.

కళింగపట్నం_లైట్‌హౌస్
🙏

గంటస్తంభం_48
సారీ అండీ. తుడవడం గురించి అలా అనకూడదు.

కానీ నేను పట్టించుకోలేదు అని చెప్పడానికి చెయ్యలేదు. ఆ గేటు దగ్గర చూసినప్పుడు, ఇంత దూరం ఎగిరొచ్చినది ఇలా నిలబడిపోయిందే అనిపించింది. ఆ పొలుసులు నాకు ముసలాయన చేతుల్లా కనిపించాయి. అది చూపించాలనుకున్నాను. గీతలు మాత్రం తియ్యను, అవి లేకపోతే మోడల్ ప్లాస్టిక్ ముద్దలా ఉంటుంది. ముక్కు కోను మళ్ళీ వేస్తాను.

ఫిట్టర్_అరసవల్లి
అలా చేసినప్పుడు కింద సిమెంటు దిమ్మలు కూడా పెట్టాలి. టైర్లు అణిగి ఉండాలి. ఇంజను నోటికి మూత వెయ్యాలి. అప్పుడు నేను ఒక్క మాట అనను. నువ్వు రెక్కల కింద మిసైళ్ళు కట్టి, పైలట్‌ని కూర్చోబెట్టి, పొలుసులు లేపావు. అదీ నా గొడవ.

ఏడురోడ్లు
ఈ ఒక్క మాట మొదటి పోస్టులోనే రాసుంటే అయిపోయేది కదండీ!

ఫిట్టర్_అరసవల్లి
మొదటి పోస్టులో తెలీలేదు నాకు.

గంటస్తంభం_48
పైలట్ అతుక్కుపోయాడండీ, రాడు. ఎగిరే విమానంగానే ఉంచేస్తాను. అయితే మురికి ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి.

ఫిట్టర్_అరసవల్లి
పై భాగం మీద దాదాపు ఏమీ వద్దు. తరచు విప్పే మూతల స్క్రూల తలల దగ్గర మాత్రం పెయింటు కొంచెం పోతుంది, అక్కడ సూది మొనతో వెండి చుక్కలు పెట్టు. రెక్క అంచంతా పెట్టకు. పైలట్ అద్దం మీద చుక్క కూడా ఉండకూడదు. చక్రాల గూళ్ళలో బురద, గ్రీజు. అసలు పని అంతా పొట్ట కింద. హైడ్రాలిక్ నూనె అక్కడ కారి, ఎగిరేటప్పుడు గాలికి వెనక్కి సాగుతుంది. సన్నగా, ముక్కు వైపు నుంచి తోక వైపు. నీ చారలు పై నుంచి కిందకి ఉన్నాయి, గోడ మీద వానచారల్లా.

గంటస్తంభం_48
స్టాండు మీద పెడితే పొట్ట ఎవరికి కనబడుతుందండీ?

ఫిట్టర్_అరసవల్లి
మాకు కనబడిందే అది బాబూ. నేను ఆ విమానాన్ని పై నుంచి చూసింది చాలా తక్కువ. వెల్లకిలా పడుకుని చూసిందే ఎక్కువ.

బొబ్బిలి_కుంచె
స్టాండు కింద అద్దం ముక్క పెట్టు తమ్ముడూ. ఫ్రేము కట్టేవాళ్ళ దగ్గర దొరుకుతుంది.

గంటస్తంభం_48
పెడతాను. ఆ నూనె ఏ రంగండీ? నలుపా, గోధుమా?

ఫిట్టర్_అరసవల్లి
కొత్తది ఎరుపు. నాలుగు రోజులు పోయాక దుమ్ము పట్టి కిళ్ళీ మరకలా అవుతుంది. ఎక్కువ పెట్టకు. ఎక్కువ పెడితే ఆ విమానం ఎగరదు, నేనే ఆపేస్తాను.

పాలకొండ_రోడ్
అందరూ ఒకటైపోయారు, సంతోషం. నా తెల్ల పొగ?

ఏడురోడ్లు
తేమ బాబూ తేమ! వానలో కొట్టావు. నీ మ్యాట్ కోటు లాకర్ (lacquer) రకమైతే ఎండ కాసిన రోజు చూసి, మధ్యాహ్నం, దాని థిన్నరే పల్చగా ఒక్క పొర కొట్టు. చాలాసార్లు పోతుంది. ముందు పనికిరాని ముక్క మీద కొట్టి చూడు. అక్టోబరులో మాత్రం ఎయిర్‌బ్రష్ ముట్టుకోకు.