భ్రమణమా, పరిభ్రమణమా: ఒక ఆటవెలది పాదం

కోరమంగళ కోడలు: ఇల్లు సర్దుతుంటే మా మామగారి డైరీ దొరికింది. తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీ చూసొచ్చిన రాత్రి రాసుకున్న ఆటవెలది. మొదటి పాదం "తిరుగు చుక్క గీత విరిసి రెండుగ చీలు". రెండో పాదంలో ఒకచోట కాఫీ మరక, తర్వాత "భ్రమణ వేగమునకు". మరక కింద రెండక్షరాలకు చోటుంది. ఆయన "పరిభ్రమణ" అని చదివినట్టే నా చెవిలో ఉంది. ఏది సరి?

గురులఘువు: "పరి" పొసగదండీ. ఆటవెలది రెండో పాదంలో అన్నీ సూర్యగణాలే (నగణం, హగణం) ఉండాలి. భ్ర ముందున్న రి గురువు, జగణం పడుతుంది. భ్రమణ, వేగ, మునకు నిక్షేపంలాంటి సూర్యగణాలు.

మైలాపూరు మావయ్య: రేఫ వత్తేగా, తేల్చి పలికితే లఘువే.

గురులఘువు: తత్సమంలోనా? సరే, లఘువే అనుకోండి. మిగిలిన "మణవే" సగణం. ఎక్కడ పెడతారు?

చుక్కలోడు: ఛందస్సు మీకొదిలేశా. చుక్క తన చుట్టూ తాను తిరిగితే, అదే భ్రమణం, వర్ణపటంలో దాని శోషణ రేఖ (నల్ల గీత) అలికినట్టు వెడల్పవుతుంది, ఒక అంచు మనవైపు, మరో అంచు అవతలికి పోతుంటాయి గనక. రెండు కొమ్ములొచ్చేది ఉద్గార రేఖకి (మెరిసే గీతకి), చుక్క నడుం చుట్టూ వాయువు పళ్లెంలా పరిభ్రమిస్తున్నప్పుడు. వృషభం కొమ్ము చివరి జీటా టౌరీని హైడ్రోజన్ ఎర్ర రేఖ ఉండే 656.3 నానోమీటర్ల దగ్గర చూడండి, కొమ్ము చుక్కకే రెండు కొమ్ములు! ఆ పళ్లెం మనకి అంచు వైపు నుంచి కనపడుతుంది. పైనుంచి చూస్తే ఒకటే శిఖరం. కాబట్టి "పరి"యే.

కోరమంగళ కోడలు: మరి మొదట్లో "తిరుగు చుక్క" అన్నారే?

చుక్కలోడు: అదీ తప్పు కాదు. వడిగా తిరిగే చుక్క నడుం నుంచి ఊడిన వాయువే అది అని ఖగోళ శాస్త్రవేత్త ఒట్టో స్ట్రూవె 1931లోనే అన్నాడు. భ్రమణం లేనిదే పళ్లెం లేదు.

గురులఘువు: అంటే నా పక్షమే!

మైలాపూరు మావయ్య: వేమన అయితే భ్రమణం జోలికే పోడు, "తిరుగు"తో సరిపెడతాడు. నా పూరణ: "చుట్టు తిరుగు వాయు చక్రమునకు".

గురులఘువు: చు, చ. పాదం తొలి అక్షరానికీ నాలుగో గణం తొలి అక్షరానికీ పొత్తు కుదరాలిగా, ఆ యతి ఏదీ?

మైలాపూరు మావయ్య: వేమనని అడిగారా యతి?

గురులఘువు: మీరు వేమన కాదుగా మావయ్యా.

కోరమంగళ కోడలు: పద్యం కింద రెండు కొమ్ముల బొమ్మ కూడా ఉంది. ఎడమది పొడుగు.

చుక్కలోడు: ఎడమదా! జీటా టౌరీలో కొన్నేళ్లకి కుడిది పొడుగవుతుంది, మళ్లీ ఎడమది. తేదీ వేశారా?

కోరమంగళ కోడలు: వేశారు. దాని మీదా కాఫీయే.