అప్‌డేట్: వాగ్దాన వచనం మనకు వర్తిస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

బైబిల్లో యిర్మీయా 29:11 (మీ విషయంలో నా ఉద్దేశాలు మేలుకే, మీకు నిరీక్షణ కలిగించడానికే అని దేవుడు చెప్పే వచనం)ని ఉద్యోగం కోసం వాగ్దానంగా పట్టుకోవచ్చా అని ఇంతకుముందు అడిగాను. జవాబులిచ్చిన అందరికీ వందనాలు. వాటిలో ఆచరణకు పనికొచ్చినవి ఇవి.

ముందు ఆ వచనానికి పైనా కిందా చదవాలి. అది బబులోను చెరలో, అంటే ఆ దేశానికి బందీలుగా తీసుకుపోబడిన యూదులకు, యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. వాళ్లు తిరిగి రావడానికి పదో వచనంలోనే 70 ఏళ్ల గడువు ఉంది, అంటే విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూసి ఉండరు. ఈలోగా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం కోసం ప్రార్థించండి అని 5–7లో ఉంది. వచ్చే నెల ఇంటర్వ్యూకి ఇది హామీ పత్రం కాదు. తన ప్రజలను మరచిపోని దేవుడు మాత్రం అందులో స్పష్టంగా కనిపిస్తాడు.

తర్వాత, కొత్త నిబంధన ఆ మాటను విశ్వాసులందరికీ ఇచ్చిందా చూడాలి. ‘విడువను, ఎడబాయను’ అన్నది పాత నిబంధనలో దేవుడు యెహోషువతో అన్న మాట (యెహోషువ 1:5). హెబ్రీ 13:5 దాన్నే సంఘానికి ఇస్తుంది, అదీ ధనాపేక్ష వద్దని చెబుతూ. జీతం ఆలస్యమైనప్పుడు పట్టుకోవాల్సింది ఇదే.

షరతును కోసేయడం మామూలుగా జరిగే పొరపాటు. మత్తయి 6:33లో దేవుని రాజ్యాన్ని, నీతిని ‘మొదట వెదకుడి’ అన్నదాన్ని వదిలేసి, అవన్నీ మీకు దొరుకుతాయి అన్న మిగతాది చదువుతాం. పైగా అక్కడ మాట్లాడుతున్నది తిండి, నీళ్లు, బట్టల గురించి. ప్రమోషన్ గురించి కాదు.

సామెతలు 22:6 (పిల్లవాడికి నడవాల్సిన దారి నేర్పితే పెద్దయ్యాక దాన్నుంచి తొలగడు)ని గ్యారంటీ అన్నవారితో ఏకీభవించలేను. అది జ్ఞానసూక్తి. పిల్లలు దారి తప్పిన తల్లిదండ్రులపై దాన్ని నేరారోపణగా వాడకూడదు.

ఏ నిర్ణయం తీసుకోవాలో తెలియనప్పుడు యాకోబు 1:5 నేరుగా అందరికీ ఇచ్చిందే: జ్ఞానం అడగండి, ఇస్తాడు.