ఏజెన్సీ ఆరోగ్య పరిశోధనకు ముందు కావలసింది డిగ్రీయా, భాషా?

గోదావరి గట్టు: సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు మీద కేంద్రం మిషన్ 2023 జులైలో మొదలైంది. 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047కల్లా అది ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని లక్ష్యం. రక్తం ఇచ్చేది గిరిజనులు, దారి చూపేదీ, దుబాసీలుగా తిరిగేదీ వాళ్లే. పరిశోధన వ్యాసం అచ్చయ్యేసరికి ఆ పేర్లు కనిపించవు. ఏజెన్సీలో చేసే ప్రతి ఆరోగ్య పరిశోధనలో సగం పోస్టులు స్థానిక గిరిజనులకు ఇవ్వాలంటాను. పీహెచ్‌డీ లేకపోతే జీతమిస్తూ చదివించాలి.

లెక్కల మాస్టారు: ఊరి దారులు తెలిసినంత మాత్రాన పరిశోధన రాదండీ. పైగా ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020లో కొట్టివేసింది. మళ్లీ అదే దారా?

గోదావరి గట్టు: అది నూరు శాతం, నేను అడిగింది సగం.

మన్యం నర్సు: ఒక సర్వేకి వెళ్లాను. కాగితం మీద ప్రశ్న: “గత 30 రోజుల్లో జ్వరం వచ్చిందా?” అడిగిన ప్రతి ఇంట్లోనూ “గుర్తులేదు” అన్నారు. మాతో వచ్చిన కుర్రాడు ఆ ఊరి పక్కవాడే, ఇంటర్‌తో చదువు ఆపేశాడు. “నాలుగు సంతల నుంచి ఎవరైనా పడుకున్నారా?” అని వాళ్ల భాషలో అడిగాడు. ఒక అవ్వ వెంటనే, రెండో సంతకు కోడలు రాలేదని, చలిజ్వరమని చెప్పింది. ఆ కుర్రాడికి రోజు కూలీ ఇచ్చి పంపేశారు.

లెక్కల మాస్టారు: నాలుగు సంతలంటే 28 రోజులు. మరోచోట 30 అని అడిగితే రెండింటినీ ఎలా పోల్చాలి?

మన్యం నర్సు: రెండు రోజుల తేడాను మీరు లెక్కలో సర్దగలరు మాస్టారూ. “గుర్తులేదు”ను ఎలా సర్దుతారు?

గోదావరి గట్టు: 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకాను పరిశోధనలో భాగంగా వేసిన సంగతి గుర్తుందా? 2010లో ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది. ఆ తర్వాత చనిపోయిన కొందరు బాలికల మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు, ఆ మాట ఇక్కడ ఎత్తను. కానీ చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఆ బృందంలో కోయ భాష మాట్లాడే పరిశోధకురాలు, కాదనే అధికారంతో, ఒక్కరుంటే?

లెక్కల మాస్టారు: కాదనే అధికారం, పరిశోధనలను ముందే పరిశీలించి అనుమతించే నైతిక సంఘానిది. ఉద్యోగాల కోటాకూ దానికీ ముడి పెట్టకండి.

ఉట్నూరు గోండు పిల్ల: ఇందాకటి నుంచి మా గురించే మాట్లాడుతున్నారు, అందుకే వచ్చాను. ఎమ్మెస్సీ చేశాను. 11 నెలల కాంట్రాక్టు మీద రక్త నమూనాలు సేకరిస్తున్నాను. గట్టు గారూ, స్థానికులంటే ఎంత దగ్గరివాళ్లు? మా ఊళ్లో నేనే పరీక్ష చేస్తే ఎవరికి సికిల్ లక్షణం (తమకు జబ్బు లేకున్నా పిల్లలకు సంక్రమించగల జన్యువు) ఉందో నాకు తెలిసిపోతుంది. పెళ్లిమాటలు నడుస్తున్న ఒక ఇంటివాళ్లు నన్ను పక్కకు పిలిచి, అటువైపు పిల్ల పరీక్ష ఫలితం కార్డులో ఏముందని అడిగారు. చెప్పలేదు. మా అత్త ఇప్పటికీ నాతో మాట్లాడదు.

లెక్కల మాస్టారు: నేను చెప్పేదీ అదే.

ఉట్నూరు గోండు పిల్ల: కాదండీ. నాకు పక్క మండలంలో పని ఇస్తే ఆ చిక్కు ఉండదు, అక్కడా గోండీయే కదా. సర్వేకు ఎవరిని, ఎంతమందిని ఎంచాలో చెప్పే నమూనా లెక్కలు నేర్పితే నేర్చుకుంటాను. ఇంతవరకు ఎవరూ నేర్పలేదు.

లెక్కల మాస్టారు: పక్క మండలానికి, శిక్షణకు సరే. సగం కోటాకు మాత్రం ఒప్పుకోను.

మన్యం నర్సు: అమ్మాయీ, ఆ శిక్షణ సంగతి మాస్టారినే అడుగు. ఆదివారాలు ఖాళీగా ఉన్నట్టున్నారు.

ఉట్నూరు గోండు పిల్ల: అడుగుతాను. నా కాంట్రాక్టు మార్చితో అయిపోతుంది, త్వరగా మొదలుపెట్టాలి.