శుక్లం, గ్లాకోమా రెండూ ఉన్న కంటికి ఒకే ఆపరేషనా, రెండు విడతలా?

పాతకళ్లజోడు: మా అమ్మకు శుక్లం ముదిరింది, గ్లాకోమా (సాధారణంగా కంటి ప్రెజర్ పెరిగి కంటి నరం దెబ్బతినే జబ్బు) కూడా ఉంది. మూడు రకాల చుక్కలు వేస్తున్నా కంటి ప్రెజర్ 24 దగ్గరే ఉంది, పక్కచూపు బాగా తగ్గింది. ఒక డాక్టర్ ఫేకో (శుక్లం తీసే ఆపరేషన్), ట్రాబెక్యులెక్టమీ (కంటి ప్రెజర్ తగ్గించే ఆపరేషన్) కలిపి చేద్దామన్నారు. ఇంకొకరు శుక్లం తీసేటప్పుడే, కంటిలోని నీరు బయటికి పోయేలా చిన్న స్టెంట్ పెడితే చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

లేతవెలుగు: నా ఓటు స్టెంట్‌కే. శుక్లం తీసే కోతలోంచే పెట్టేస్తారు. 556 కళ్లతో హైడ్రస్ స్టెంట్ మీద చేసిన హొరైజన్ అధ్యయనంలో, రెండేళ్లకు చుక్కల అవసరం లేనివి 78 శాతం. శుక్లం ఒక్కటే తీసిన కళ్లలో 48.

ఓపీడీకుర్చీ: ఆ 48ని కూడా చూడండి సార్, స్టెంట్ లేకుండానే దాదాపు సగం కళ్లకు చుక్కల అవసరం పోయింది! పైగా అవన్నీ తొలి, మధ్య దశ కళ్లు. ఈ అమ్మగారి పరిస్థితి వేరు. నరం ఇంతగా దెబ్బతింటే ప్రెజర్‌ను పది, పన్నెండు దాకా దించాలి. హైడ్రస్ లాంటి స్టెంట్ నీటిని ష్లెమ్ కాలువలోకి (కంటి నీరు మామూలుగా బయటికి పోయే దారి) వదులుతుంది, కాలువ అవతల సిరల్లో ఉన్న ఒత్తిడి కన్నా కిందికి అది దించలేదు. ట్రాబెక్యులెక్టమీ ఆ దారే వదిలేస్తుంది. తెల్లపొరలో చిన్న తలుపులా కోసి, నీటిని పైరెప్ప చాటున ఉండే పలుచని పొర కిందికి మళ్లిస్తారు. అక్కడ ఉబ్బే బుడగే బ్లెబ్.

వానచినుకు: నేను రెండూ కలిపి చేయించుకున్నాను. చేసిన రోజుతో అయిపోదండీ. చెకప్‌కు వెళ్లినప్పుడల్లా లేజర్‌తో ఒక్కో కుట్టు వదిలించారు. ఒకసారి ప్రెజర్ 5కు పడిపోయి, అన్నీ నీళ్లలోంచి చూసినట్టు కనిపించాయి. ఇప్పుడు 12, చుక్కలు లేవు. కానీ కన్ను కాస్త ఎర్రబడితే చాలు, టెన్షన్. బ్లెబ్‌కు ఇన్‌ఫెక్షన్ సోకితే లోపలికి పాకుతుందట.

లేతవెలుగు: అదే నేననేది, ఇన్ని తిప్పలెందుకు?

ఓపీడీకుర్చీ: స్టెంటన్నాక తిప్పలు లేవనుకోకండి. సైపాస్ అనే స్టెంట్ వల్ల కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) కణాలు తగ్గుతున్నాయని 2018లో కంపెనీయే వెనక్కి తీసుకుంది.

పాతకళ్లజోడు: ముందు ట్రాబెక్యులెక్టమీ, కొన్నాళ్లాగి శుక్లం తీయించుకుంటే?

ఓపీడీకుర్చీ: ట్రాబెక్యులెక్టమీ తర్వాత శుక్లం ఇంకా త్వరగా ముదురుతుంది. అప్పుడు ఫేకో చేస్తే, ఆ వాపుకు బాగా పనిచేస్తున్న బ్లెబ్ మచ్చకట్టి మూసుకుపోవచ్చు. కలిపి చేసినా మచ్చ భయం ఉంటుంది, అందుకే మచ్చకట్టకుండా మైటోమైసిన్ అనే మందు వాడతారు. ఇంతకీ గోనియోస్కోపీ (కంటి నీరు బయటికి పోయే కోణం తెరిచి ఉందో లేదో చూసే పరీక్ష) చేశారా? కోణం మూసుకుపోయిన రకమైతే కథ మారుతుంది. 2016లో వచ్చిన ఈగిల్ అధ్యయనంలో, 419 మందిలో, శుక్లం లేకపోయినా కంటి లెన్స్ తీయడమే లేజర్ చికిత్స కన్నా మెరుగనిపించింది.

పాతకళ్లజోడు: రిపోర్టు తీసి చూశాను, కోణం తెరిచే ఉందని రాశారు. అయితే కలిపి చేయడమే అడుగుతాను. వానచినుకు గారూ, మొదటి నెలలో ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చింది? అమ్మ ఒక్కర్తే వెళ్లలేదు, నేను సెలవులు చూసుకోవాలి.